పాత ట్రాక్టరుకు ఎంత చిక్కని ఆయిలు పోయవలెను?

తొలకరి చినుకులు పడి నారుమళ్ళు సిద్ధమగుచున్న రోజులలో ఆయిలు దుకాణముల ముందు తరచుగా వినవచ్చు మాట ఒకటి కలదు. “ఏది కావాలి బాబాయ్? ఉత్త నలభయ్యా, ఇరవై-నలభయ్యా, పదిహేను-నలభయ్యా?” అని కొట్టు కుర్రవాడు అడుగును. “బండి పాతదిరా అబ్బాయ్, ఉన్నవాటిలో చిక్కటిది ఇవ్వు” అని రైతు చెప్పును. కుర్రవాడు ఇచ్చును, రైతు తెచ్చి పోయును. ఇంజను మాత్రము ఎవరిని అడిగిన ఏ ఆయిలు కోరునో ఇద్దరిలో ఒకరికిని తెలియదు.

ఇరవై, ముప్పది ఏండ్లు నడచిన ట్రాక్టర్లు మన పల్లెలలో నేటికిని చాలా ఉన్నవి. వాటి ఇంజనులు మొండివి. సరిగా చూచుకొన్న యెడల ఇంకను పదేండ్లు దమ్ము చేయగలవు. కాని “పాత బండికి చిక్కటి ఆయిలు” అను ఒక్క నమ్మకము వలన చెడిపోయిన ఇంజనులు తక్కువ కాదు. ఈ నమ్మకములో కొంత నిజమున్నది. ఆ కొంత ఎంతయో తెలిసికొనుట ఈ వ్యాసము ఉద్దేశము.

ఇంజనులో క్రాంకు షాఫ్టు బేరింగుల మధ్య తిరుగుచుండును. ఆ రెంటి మధ్యనుండు సందు తల వెంట్రుక మందమంత మాత్రమే. ఆ సందులో ఆయిలు సన్నని పొరగా నిలిచి షాఫ్టును పైకెత్తి పట్టుకొనును. ఈ పొర ఉన్నంతవరకు ఇనుము ఇనుమును తాకదు. పొర తెగిన మరుక్షణము బేరింగు గీరుకొని పోవును. ఆయిలు మరీ పలుచనైనచో బరువుకు పొర నిలువదు. మరీ చిక్కనైనచో ఆ సందులోనికి తగినంత వేగముగా చేరనే చేరదు. రెండును చేటే.

ఆయిలు చిక్కదనము ఎల్లప్పుడు ఒకే తీరున ఉండదు. పొయ్యి మీద బెల్లపు పాకము వేడిగా నున్నప్పుడు గరిటె నుండి జారిపోవును, దింపి ఉంచినచో సాగును. ఆయిలును అంతే. మన తెలంగాణ మెట్ట పొలములలో పండు ఆముదమునే తీసికొనుడు. 40 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో దాని చిక్కదనము సుమారు 250 సెంటీస్టోకులు. 100 డిగ్రీలకు చేరునప్పటికి సుమారు 19 మాత్రమే మిగులును. అనగా పదమూడవ వంతు. (పందెపు కార్లకు, మొదటి ప్రపంచ యుద్ధపు విమానములకు ఆముదమునే ఇంజను ఆయిలుగా వాడిన రోజులు ఉండినవి. వేడిలో దాని పొర గట్టిది. కాని త్వరలో జిగురుగా మారి రింగులను బిగబట్టును. కావున ఎవరును ట్రాక్టరులో పోసి చూడవద్దు.) ఇంజనులో వాడు 40 రకపు ఆయిలు 40 డిగ్రీల వద్ద సుమారు 140, 100 డిగ్రీల వద్ద సుమారు 14 సెంటీస్టోకులు ఉండును.

దుకాణములో రెండు వ్రేళ్ళ మధ్య రాచి “ఇది చిక్కగా ఉన్నది” అని నిర్ణయించువారు చల్లని ఆయిలును పరీక్షించుచున్నారు. ఇంజనులో పని చేయునది వేడి ఆయిలు. వ్రేళ్ళ పరీక్షకు ఇక్కడ విలువ లేదు.

ఇక డబ్బా మీది అంకెలు. వీటిని అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘము వారు 1911లో మొదట ఏర్పరచిరి. ఆ సంఘము పేరులోని పొడి అక్షరములే ఎస్.ఎ.ఇ. ఉత్త 30, 40, 50 అను అంకె 100 డిగ్రీల వేడిలో ఆయిలు ఎంత చిక్కగా నిలుచునో తెలుపును. 30 రకము 9.3 నుండి 12.5 సెంటీస్టోకుల లోపు, 40 రకము 12.5 నుండి 16.3 లోపు, 50 రకము 16.3 నుండి 21.9 లోపు ఉండవలెను. అంకె పెరిగిన కొలది చిక్కదనము పెరుగును.

20డబ్ల్యు-40 అని రెండు అంకెలున్నచో, డబ్ల్యు అను అక్షరము చలికాలమునకు గుర్తు. దాని ముందున్న అంకె గడ్డకట్టు చలిలో ఆయిలు ఎట్లు కదలునో చెప్పును. 20డబ్ల్యు ఆయిలు సున్నకు 20 డిగ్రీల దిగువన, 15డబ్ల్యు ఆయిలు సున్నకు 25 డిగ్రీల దిగువన కూడ పంపుకు అందవలెనని నియమము. లంబసింగిలోనైనను, ఆదిలాబాదు అడవి పల్లెలలోనైనను అంతటి చలి మనకు లేదు. కాబట్టి ముందు అంకెను గూర్చి మన రైతులు ఎక్కువగా చింతింపనక్కరలేదు. మనకు ముఖ్యమైనది చివరి అంకె. అయినను రెండంకెల ఆయిలు వలన ఒక లాభమున్నది. వేడెక్కినప్పుడు ఉత్త 40 వలెనే నిలుచును, తెల్లవారు జామున చల్లని ఇంజను తిప్పినప్పుడు ఉత్త 40 కంటె త్వరగా పైకి ఎక్కును. ఇంజను అరుగుదలలో చాల భాగము ఆ మొదటి నిముషములలోనే జరుగుచుండును.

సరే, మన పాత ట్రాక్టరుకు ఏది?

మొదట బండితో వచ్చిన పుస్తకము వెదకుడు. పోయినచో అదే మాదిరి బండి గల మరొక రైతు వద్దనో, కంపెనీ డీలరు వద్దనో దొరకును. పాత పుస్తకములలో సాధారణముగా గాలి వేడిమిని బట్టి ఒక పట్టిక ఉండును. ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ ఇంజనులలో అనేకము చలిదేశములలో రూపొందినవి. వాటి పుస్తకములో చలి, నడితరము, వేడి అని వేర్వేరు వరుసలుండును. రెంటచింతలలో, రామగుండములో వేసవి వేడి 45 డిగ్రీలు దాటును. మనము చూడవలసినది పట్టికలో అన్నిటికన్న వేడి వరుస. అక్కడ 30 అని యుంటే 30, 40 అని యుంటే 40. పుస్తకము ఎంత వెదకినను దొరకని పక్షమున, మన మైదాన ప్రాంతములలో దమ్ముకు, రవాణాకు తిరుగు పాత డీజిలు ట్రాక్టరుకు 20డబ్ల్యు-40 గాని 15డబ్ల్యు-40 గాని పోయుట క్షేమమైన మార్గము. క్రొత్త కార్లకు వాడు 5డబ్ల్యు-30, 0డబ్ల్యు-20 వంటి పలుచని ఆయిళ్ళు వీటికి పనికిరావు. అవి సన్నని సందులతో, వేరే లెక్కతో తయారైన ఇంజనుల కొరకు చేసినవి. పట్నములో కారు నడుపు కుమారుడు మిగిలిన డబ్బా తెచ్చి ఇచ్చినను మొగమాటము లేక ప్రక్కన పెట్టవలెను.

అంకెతో పాటు డబ్బా మీద రెండు మూడు అక్షరములు కూడ చూడుడు. సి తో మొదలగునవి డీజిలు ఇంజనులకు, ఎస్ తో మొదలగునవి పెట్రోలు ఇంజనులకు ఉద్దేశించినవి. సిఎఫ్-4 అను తరగతి 1990లో, సిఐ-4 అను తరగతి 2002లో వచ్చినవి. తరువాతివి మసిని బాగుగా పట్టి ఉంచును. డీజిలు ఆయిలు పోసిన కొద్ది గంటలకే నల్లబడుటకు కారణము ఇదే. నల్లబడినంత మాత్రమున అది చెడినట్లు కాదు, మసిని కడుగుచున్నట్లు. ఎన్నో ఏండ్లు నాసి ఆయిలుతో నడచి లోపల మడ్డి పేరుకొన్న ఇంజనులో మొదటిసారి మంచి ఆయిలు పోసినప్పుడు ఆ మడ్డి కదలి ఫిల్టరును మూసివేయవచ్చును. కావున ఆ మొదటి విడతను 25 నుండి 50 గంటలలోపే ఫిల్టరుతో సహా మార్చివేయవలెను. ఆరేడు లీటర్ల ఆయిలు ముందుగా పారబోయుటకు మనసొప్పదు గాని, ఇది తప్పని ఖర్చు.

ఇప్పుడు అసలు చిక్కు వద్దకు వత్తము. బండి ఆయిలు త్రాగుచున్నది. సైలెన్సరు నుండి నీలి పొగ వచ్చుచున్నది. మెకానిక్కు “బోరు చేయించాలి, లైనర్లు మార్చాలి” అన్నాడు. చేతిలో పైకము లేదు, దమ్ములు ముంచుకొని వచ్చినవి. ఇట్టి సమయములో ఎవరైనను “90 నంబరు ఆయిలు కలుపు, పొగ ఆగిపోతుంది” అని సలహా చెప్పుట కద్దు.

ఒక డెల్టా గ్రామములో నేను చూచిన సంగతి చెప్పెదను. పాత 35 అశ్వశక్తి బండి. యజమాని పై సలహా విని రెండు లీటర్ల 90 గేరు ఆయిలును ఇంజనులో కలిపినాడు. నాలుగైదు రోజులు పొగ తగ్గినట్లే తోచినది. ప్రెషరు ముల్లు కూడ మునుపటికంటె పైకి లేచి నిలిచినది. అది చూచి ఆయన సంతోషించినాడు. రెండవ వారములో, సగము దమ్ము చేసిన మడిలోనే, ఇంజను మూలిగి బిగుసుకొని పోయినది. చాంబరు విప్పి చూడగా ఆయిలు పీల్చు జాలీకి మడ్డి ముద్దవలె అంటుకొని యున్నది. బేరింగులు కరగి షాఫ్టును గీరివేసినవి. బోరుతో పోవలసిన పని షాఫ్టు మార్చువరకు వచ్చినది. ఆ కారులో ఆయన నాట్లు కిరాయి బండి మీద, పదిహేను రోజులు ఆలస్యముగా పడినవి.

ఇందులో రెండు పొరపాట్లు కలవు. మొదటిది, 90 అనగా 40కి రెండింతలకు మించిన చిక్కదనమని అనుకొనుట. గేరు ఆయిళ్ళ అంకెల కొలబద్ద వేరు, ఇంజను ఆయిళ్ళది వేరు. 90 గేరు ఆయిలు 100 డిగ్రీల వద్ద 13.5 నుండి 18.5 సెంటీస్టోకుల లోపు ఉండును. అనగా ఇంజను ఆయిళ్ళలో 40, 50 రకములకు సమీపమే! చిక్కదనములో వచ్చిన లాభము స్వల్పము. నష్టము మాత్రము పెద్దది, ఏలయన గేరు ఆయిలులో మసిని పట్టి ఉంచు మందు లేదు. పండ్ల చక్రముల కొరకు కలిపిన గంధకపు మందులు ఇంజను వేడికి ఇత్తడి, కంచు బుష్షులను తినివేయగలవు.

రెండవది, ముల్లు పైకి లేచినది గనుక ఆయిలు బాగుగా అందుచున్నదని భావించుట. కాలువలో పూడిక పడినచో తూము వద్ద నీటిమట్టము పెరుగును. అంతమాత్రమున చివరి ఆయకట్టుకు నీరందినట్లా? ఇంజనులో చివరి ఆయకట్టు పైనున్న వాల్వు రాకర్లు. ఆయిలు అతి చిక్కనైనప్పుడు పంపు వద్ద ఒత్తిడి పెరుగును, రిలీఫ్ వాల్వు తెరచుకొని ఆయిలు తిరిగి చాంబరులోనే పడును, ఫిల్టరులోని పక్క దారి కూడ తెరచుకొని వడకట్టని ఆయిలే బేరింగులకు పోవును. ముల్లు మాత్రము చక్కగా నిలబడియే ఉండును.

అట్లయిన పాత బండికి ఒక మెట్టు చిక్కన ఎప్పుడును తగదా? తగు సందర్భమొకటి కలదు. బండి చల్లగా నున్నప్పుడు ప్రెషరు సరిగానుండి, రెండు మూడు గంటల బరువు పని తరువాత ముల్లు పుస్తకములో చెప్పిన హద్దుకంటె దిగజారుచున్నదనుకొందము. ఆయిలులో డీజిలు కలియలేదు, రేడియేటరు పొట్టుతో మూసుకొని పోలేదు, ఫిల్టరు క్రొత్తది. అప్పుడు బేరింగుల సందు కొంత పెరిగినదని అర్థము. వేసవి దుక్కులకు, దమ్ముకు 20డబ్ల్యు-40 బదులు 20డబ్ల్యు-50 పోసి ఆ కారు గడుపుకొనవచ్చును. ఒక్క మెట్టు మాత్రమే, ఇంజను ఆయిలే, అదియును కోతల తరువాత ఇంజను విప్పించు తలంపుతోనే.

నీలి పొగ సంగతి వేరు. అరిగిన రింగుల ప్రక్కనుండి ఆయిలు పైకెక్కి కాలుచున్నది. చిక్కని ఆయిలు దీనిని కొంచెము తగ్గించునే గాని ఆపలేదు. ఎన్ని గంటల పనికి ఒక లీటరు తిరిగి పోయవలసి వచ్చుచున్నదో ఒక నోటు పుస్తకములో వ్రాసికొనుడు. ఒక దినపు పనికే లీటరు పట్టుచున్నచో, నా అభిప్రాయములో, ఆ బండికి కావలసినది వేరు ఆయిలు కాదు, రింగులు. అంతవరకు సరియైన ఆయిలునే పోయుచు, ప్రతి ఉదయము కడ్డీ తీసి మట్టము చూచుకొనుచు నడిపినచో సీజను దాటవచ్చును. ఆయిలు త్రాగు ఇంజను కంటె ఆయిలు అందని ఇంజను త్వరగా చచ్చును.

మట్టము తగ్గుటయే కాదు, పెరుగుట కూడ ప్రమాదమే. పోయకుండనే కడ్డీ మీద ఆయిలు పెరిగినచో డీజిలు గాని నీరు గాని చేరుచున్నదన్నమాట. నీరు చేరిన ఆయిలు మజ్జిగ వలె తెల్లబారును. డీజిలు చేరినచో వాసన పట్టిచ్చును, చిక్కదనమును చంపును. దీనిని ఇంటివద్దనే పరీక్షించవచ్చును. ఒక గాజు పలకను నేలమీద పరచి, ఒక చివర క్రొత్త ఆయిలు చుక్క, దాని ప్రక్కన ఇంజనులోని ఆయిలు చుక్క సమానముగా వేయుడు. రెండును చల్లారి ఒకే వేడిమిలో ఉన్న తరువాత పలకను ఏటవాలుగా ఎత్తుడు. పాత చుక్క బాగా ముందుకు పరుగెత్తినచో డీజిలు కలిసి పలుచనైనది. బాగా వెనుకబడినచో మసితో, మడ్డితో ముదిరినది. ఏదైనను ఆ ఆయిలు దింపవలసినదే. డీజిలు కలియుచున్నచో నాజిళ్ళను, ఫీడు పంపును చూపించకుండ ఎంత చిక్కని ఆయిలు పోసినను వారములో మరల పలుచనగును.

బావి మీది ఆయిలు ఇంజనుల గూర్చి కూడ ఒక మాట, ఎందుకనగా ట్రాక్టరులో మిగిలిన ఆయిలును వాటిలో పోయుట వాడుక. నిమిషమునకు 650 చుట్లు తిరుగు పాత లిస్టరు మాదిరి ఇంజనులలో ఆయిలును చిమ్ము ఏర్పాటు వేరుగా నుండును. కనెక్టింగు రాడ్డు అడుగునున్న చెంచా వంటిది ఆయిలులో మునిగి లేచుచు పైకి చిమ్మును. ఆయిలు మరీ చిక్కనైనచో చెంచా దానిని కోసుకొని పోవునే గాని చిమ్మదు. పైగా బావి నీటిని నేరుగా ఇంజను చుట్టు త్రిప్పి వదలుట వలన అట్టి ఇంజనులు తరచుగా ఉండవలసిన దానికంటె చల్లగా నడచును. ట్రాక్టరు దమ్ములో ఆయిలు 100 డిగ్రీల దరిదాపులకు పోవుచుండగా, అదే ఊరిలో అదే రోజున బావి ఇంజను ఆయిలు గోరువెచ్చగానే ఉండవచ్చును. చల్లని ఇంజనులో ఆయిలు చిక్కగా నిలిచి డీజిలు ఖర్చు పెరుగును, ఆవిరి చెమ్మగా మారి ఆయిలులో కలిసి మడ్డి కట్టును. ఇక్కడ ఆయిలు మార్చుటకు ముందు నీటిని సరిదిద్దవలెను. ఇంజను నుండి బయటికి వచ్చు నీరు చేయి ఎక్కువసేపు పెట్టలేనంత వేడిగా ఉండునట్లు కవాటము తిప్పి నీటిని తగ్గించుడు. ఆ తరువాత ఇంజను పలక మీద గాని పుస్తకములో గాని చెప్పిన ఉత్త 30 లేక 40 పోయుడు. ఆయిలు తగుటకు ఇంజను వయస్సు గాని, బయటి ఎండ ఒక్కటే గాని లెక్క కాదు. లోపల ఆయిలు ఎంత వేడెక్కునో అది లెక్క.

గాలి వడపోత గిన్నెలోని ఆయిలు కూడ మరువరాదు. పాత బండ్లలో ఇది ఆయిలు గిన్నె రకమే. నూర్పిళ్ళ ధూళిలో ఆ గిన్నె బురదగా మారినచో ధూళి నేరుగా లైనర్లకు పోవును. ఇంజనులో వాడు ఆయిలునే గీత వరకు పోయవలెను. ఇంజనులో నుండి దింపిన పాత ఆయిలు పోయుట తప్పుడు పొదుపు.

విడి ఆయిలు కొనవద్దు. డ్రమ్ములోనుండి కొలిచి ఇచ్చుదానిలో ఏమున్నదో దాని రంగు చెప్పలేదు. సీలుగల డబ్బా కొని, వాడిన తరువాత ఖాళీ డబ్బాకు చిల్లు పెట్టుడు. లేనిచో అదే డబ్బా నకిలీ సరుకుతో మరల మీ ఊరికే రావచ్చును. దింపిన ఆయిలును పంట కాలువలో పోయక, పాత ఆయిలు కొను అనుమతి గల వారికి ఇవ్వవలెను.

గ్రామాధికారులకు, సహకార సంఘముల వారికి ఒక మనవి. అద్దెకిచ్చు యంత్రములను ఎందరో నడుపుదురు, ఎవరికి తోచిన ఆయిలు వారు పోయుదురు. ప్రతి బండికి, వాడవలసిన ఆయిలు అంకె, అక్షరములు, చివర మార్చిన తేదీ, నాటి గంటల మీటరు అంకె తెల్ల రంగుతో మడ్‌గార్డు లోపలివైపున వ్రాయించినచో సరిపోవును. తరువాతి మార్పు ఎన్ని గంటలకో పుస్తకములో చూచి దాని క్రిందనే వ్రాయుడు. బండ్లు ఇంకను ఖాళీగా నుండు రోహిణి కార్తెలోనే ఈ పని ముగించుకొనుట మంచిది. మృగశిర వచ్చిన తరువాత వ్రాయుటకు గాని, ఫిల్టరు విప్పుటకు గాని ఎవరికిని తీరిక దొరకదు.